గుడివాడ నుంచి పాలకాయతిప్పకు, టక్కుమని ఆగిపోయే పికప్ బండిలో

గుడివాడ నుంచి దివిసీమకు సొంత బండిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది చెబుతున్నాను. నాకు చదువు రాదు, మనవరాలు రాస్తోంది. మా పికప్ బండి గుడివాడ మిల్లుల్లో తవుడు బస్తాలు ఎత్తుకుని కోడూరు చేపల చెరువులకు తిరుగుతుంది. నడిపేది మా తమ్ముడి కొడుకు శ్రీను. ఆరు నెలల్లో నాలుగుసార్లు దాని కరెంటు చెడింది. బ్రేకు తొక్కితే పక్క లైట్లు మినుకుమినుకుమంటాయి. హారను కొడితే పెద్ద లైట్లు చచ్చిపోతాయి. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటుంది. ఒకాయన బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన డైనమో విప్పాడు, మూడో ఆయన ఫ్యూజులన్నీ మార్చి ఇక చూసుకోనక్కర్లేదన్నాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే గోల. నాకు తిక్క రేగింది. శ్రీను రోజంతా సెల్లు చార్జింగు పెట్టి, పాటలు పెట్టి బ్యాటరీని పీల్చేస్తున్నాడని నా అనుమానం. "ఈ లోడుకు నేనూ ఎక్కుతున్నా. దారిలో బండి ఆగిందా, రేపటి నుంచి వేరే డ్రైవరే" అని ఇంట్లో అందరి ముందూ అనేశాను. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు, ఈ బండి తప్ప వేరే ఆధారం లేదు. తెలిసే అన్నాను.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. రానూపోనూ రెండు వేల రూపాయల డీజిలు పట్టింది. గుడ్లవల్లేరు, కవుతరం మీదుగా పెడనకు గంట పట్టింది, లోడు బండి కదా. పెడనలో ఇద్దరం ఇడ్లీ తిన్నాం, ఎనభై రూపాయలు. చట్నీ బాగుంది. తిని వచ్చి తాళం తిప్పితే టక్కుమంది. మళ్లీ తిప్పాడు. టక్కు.

"బ్యాటరీ కొత్తది అత్తయ్యా" అన్నాడు శ్రీను.

"కొత్తదే. నీ పాటలూ కొత్తవే" అన్నాను.

హోటలామె పెనం దించి బయటికొచ్చి, "బండా, బర్రా అండీ ఇది? కదలదేం?" అని నవ్వింది. అద్దకం పనికి వెళ్తున్న నలుగురు మగాళ్లు తోస్తే కదిలింది. ఇక ఆపకుండా బందరు దాకా తోలమన్నాను. దారిలో వాడు పాటలు పెట్టలేదు.

బందరులో అడిగితే ఎవరో దానియేలు అనే ఎలక్ట్రీషియను షెడ్డు చూపించారు. ఎనిమిదిన్నరకే తీసి ఉంది. నెత్తి నెరిసిన మనిషి. నేను దిగుతూనే, "ఇంతవరకు ముగ్గురు దీన్ని పాడు చేశారు, నువ్వు నాలుగోవాడివి" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఏదీ విప్పలేదు కూడా. లావుపాటి వైరొకటి తెచ్చి, ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస ఇంజను ఇనుముకు ఆనించి, "ఇప్పుడు తిప్పు బాబూ" అన్నాడు. ఒక్క తిప్పుకే బండి లేచింది. హారను, లైట్లు, అన్నీ ఒకేసారి పనిచేశాయి. వైరు తీసేస్తే మళ్లీ లైట్లు గుడ్డివైపోయాయి.

"కరెంటు వెళ్లే దారి బాగుందండీ మామ్మగారూ. తిరిగొచ్చే దారే చెడింది" అంటూ కిందికి దూరి, బ్యాటరీ నుంచి బండి ఇనుముకు కట్టిన ఎర్త్ వైరు బోల్టు విప్పి తెచ్చాడు. దాని మీద తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టాయి. "ఇది వాననీళ్ల పని కాదు. ఉప్పు. బండిని సముద్రంలోకి గానీ దింపుతున్నారా?"

శ్రీను నేలచూపులు చూశాడు.

నేనే చెప్పాను. బాగుచేయించిన ప్రతిసారీ, మళ్లీ చెడకుండా ఉండాలని, కోడూరులో బస్తాలు దించాక పాలకాయతిప్ప తీసుకెళ్లి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట చక్రాలు మునిగేదాకా దింపించి, బానెట్ ఎత్తించి బిందెడు నీళ్లు పోయించేదాన్ని. పసుపు కుంకుమ కూడా పెట్టేదాన్ని. "మా అత్తగారి కాలంలో కొత్త ఎడ్లకు అక్కడే స్నానం చేయించేవాళ్లు. వాటికేం కాలేదే?" అన్నాను.

"ఎడ్లకు తుప్పు పట్టదండీ" అన్నాడు దానియేలు, బోల్టు గరుకు కాయితంతో రుద్దుతూ.

రెండో రిపేరప్పుడు శ్రీను, "ఉప్పునీళ్లు కదా అత్తయ్యా, ఇంజను మీద వద్దేమో" అన్నాడు. సంగమంలో నీకు ఉప్పు కనిపించిందా అని అక్కడ స్నానాలకొచ్చిన జనం ముందు వాడి నోరు మూయించాను. ఈ ముక్క తీసేద్దామా మామ్మా అని మనవరాలు అడుగుతోంది. ఉంచమన్నాను. ఆ షెడ్డులో వాడు ఆ మాట నాకు గుర్తుచేయొచ్చు, చేయలేదు. పరాయి మనిషి ముందు నా పరువు కాచాడు.

"వీడు అప్పుడే చెప్పాడయ్యా, నేనే వినలేదు" అని దానియేలుతో అన్నాను.

"ఎండెక్కుతోంది, ఎక్కండత్తయ్యా" అన్నాడు శ్రీను, అంతే.

కొత్త వైరుతో, పనితో కలిపి నాలుగొందల యాభై అయింది. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరేసరికి పన్నెండు. బస్తాలు దించి, అక్కడే భోంచేసి పాలకాయతిప్ప వెళ్లాం. బండిని దూరంగా గట్టి నేల మీదే ఆపించాను. నేనొక్కదాన్నే నీళ్లలోకి దిగాను. దోసెడు నీళ్లు తెచ్చి శ్రీను నెత్తిన చల్లితే, "నాక్కూడా తుప్పు పట్టిస్తారా?" అన్నాడు. ఆ రోజు వాడు నవ్వింది అప్పుడే.

మూడు నెలలైంది, బండి ఒక్కసారీ మొరాయించలేదు. ఆ ముగ్గురి మీద నా కోపం మాత్రం పోలేదు. బండిని ఏం చేస్తున్నావమ్మా అని ఒక్కడన్నా అడిగితే చెప్పేదాన్నిగా! కానీ, రోజూ దాన్ని నడిపేవాడికి తెలిసిన సంగతి వాడి నోట రానివ్వంది నేను. ఆ రోజే ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాను. మీరు సముద్రం దాకా బండి తీసుకెళ్తే నీళ్లలోకి దింపకండి. ఇసకలో తిరిగినా సరే, ఇంటికి రాగానే కింది భాగమంతా మంచినీళ్లతో కడిగించండి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు నాది. పైపు నేను పట్టుకుంటాను, ఎక్కడ పట్టాలో శ్రీను చెబుతాడు.