ఎడమచేతి పిడికెడు

పి రోఖుమి వంటింట్లో పొయ్యి పక్కన రెండు డబ్బాలుండేవి. (మిజోలు మర్యాదకు పేరు ముందు ఆడవాళ్ళకైతే 'పి', మగవాళ్ళకైతే 'పు' చేరుస్తారు.) పెద్దది ఇంటిది, చిన్నది దేవుడిది. పూటపూటా బియ్యం కుండలో పడకముందు ఒక పిడికెడు చిన్న డబ్బాలో పడాలి. శనివారం చర్చి ఆడవాళ్ళు సంచితో వచ్చి పట్టుకుపోతారు. మిజో కొండల్లో ఆడపిల్ల వంటకన్నా ముందు నేర్చుకునే పని ఇది. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో రోఖుమి ఒక్క పూట కూడా తప్పలేదు. కూతురు రువాతి పుట్టిన రోజున కూడా పడకమీంచి అరిచి మరీ వేయించిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆవిడ ఎప్పుడూ కాదనలేదు.

ఆ ఏడు జూన్‌లో రెండు జారుళ్ళు జరిగాయి. మొదట ఆమె భర్త పు తంగ్లూరా అల్లం చేలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని చూసి నేర్చుకుందో ఏమో, నాలుగో రోజున కొండ కూడా జారి రోడ్డు మీద కూర్చుంది. బియ్యం లారీ ఆగిపోయింది. పెద్ద డబ్బాలో బియ్యం నాలుగు వేళ్ళ లోతుకు దిగాయి.

కాలికి వెదురుబద్దలు కట్టించుకుని పొయ్యి దగ్గర పడుకున్న తంగ్లూరాకు పని లేకపోయింది. కనుక డబ్బాల తనిఖీ అధికారిగా తనను తానే నియమించుకున్నాడు.

"రువాతీ వాళ్ళమ్మా, రోడ్డు బాగయ్యేదాకా ఆ చిన్న డబ్బా సంగతి మానెయ్యరాదూ? దేవుడేం పస్తుండడు."

"ఆయనుండడు. నేనుంటాను."

"అదేం మాట?"

"ఇప్పుడు మనింట్లో బియ్యం తక్కువున్నాయి, అంతే. అది మానేస్తే ఇవ్వడానికేమీ లేనిదాన్నవుతాను. ఆ రోజు నుంచీ నీ కాలన్నా, ఆ కొండన్నా నాకు నిజంగా భయమేస్తుంది."

తంగ్లూరా పైకప్పు వంక చూశాడు. అక్కడ తనిఖీ చేయడానికి డబ్బాలేమీ లేవు.

రోఖుమికి భయం లేదని కాదు. పెద్ద డబ్బా మూత తీసినప్పుడల్లా ఆమె గుండె కాస్త కిందికి దిగేది. చిన్న డబ్బాలో గింజలు పడ్డ చప్పుడు వినగానే మళ్ళీ తన చోటికొచ్చి కూర్చునేది.

రెండో వారం ఆమె ఒక పరిపాలనా సంస్కరణ చేపట్టింది. కుడిచేతికి సెలవిచ్చి ఎడమచేతిని నియమించింది. చిన్నప్పుడు వెదుళ్ళు నరుకుతుంటే కత్తి ఆ చేతి వేళ్ళు రెండు తీసుకుపోయింది. అందులో నిలిచేది సగం పిడికెడే.

"ఇదేం పిడికెడు?" అన్నాడు తనిఖీ అధికారి.

"పిడికెడన్నారు గానీ ఏ చెయ్యో ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు పక్కనే ఉండి ఆ వేళ్ళు పోతుంటే చూసినవాడివి, నీకు ఈ మాత్రం తెలీదా?"

శనివారం సంచితో వచ్చిన పి దార్‌కిమి చిన్న డబ్బాను ఎత్తి చూసి కనుబొమలు ముడిచింది.

"ఏం పి రోఖుమీ, ఎలుకలు పడ్డాయా?"

"వాటికీ మా ఇంటి సంగతి తెలిసిపోయింది. రావట్లేదు."

తర్వాతి శనివారం దార్‌కిమి ఖాళీ సంచితో రాలేదు, నిండు సంచితో వచ్చింది. ఈసారి బియ్యం అమ్మి చర్చి ఖర్చులకు వాడకుండా, అవసరమైన ఇళ్ళకు పంచాలని ఆడవాళ్ళు తీర్మానించారట. మొదటి ఇల్లు ఇదేనట.

రోఖుమి ముఖం కందిపోయింది. "నాకొద్దు. నేను దేవుణ్ణి మోసం చేశాను" అంటూ మూడు వేళ్ళ చెయ్యి చాపింది. "రెండు వారాలుగా దీంతోనే వేస్తున్నా."

దార్‌కిమి ఆ చేతిని గంభీరంగా పరిశీలించింది. తర్వాత గోడకు చేరబడి నవ్వడం మొదలుపెట్టింది.

"అబ్బో, పెద్ద దొంగతనమే! నేను మా నాలుగేళ్ళ మనవరాలి చేత వేయిస్తున్నా. దానికి దేవుడి పని నేర్పుతున్నానని అందరికీ చెప్పా. రోడ్డు మూసుకున్నాక ఈ ఊళ్ళో నిండు పిడికెడు ఎవరేశారమ్మా? అయినా ఒక్క ఇంట్లోనూ దేవుడి డబ్బా ఖాళీగా లేదు. ముందిది పట్టు, నా నడుం పడిపోతోంది."

ఆ సాయంత్రం రోఖుమి కుడిచెయ్యి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. నిండుగా ఒక పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేసింది.

"ఇప్పుడేగా ఇచ్చి వెళ్ళారు! అప్పుడే తిరిగి ఇచ్చేస్తున్నావా?" అన్నాడు తంగ్లూరా. ఆమె చిన్న డబ్బాకు మూత పెట్టబోయింది. ఆయన మోచేతుల మీద కాస్త పైకి లేచాడు. "ఆ పెద్ద డబ్బా ఇటు జరుపు. నేనూ వేస్తా."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయనకు ఆ బుద్ధి పుట్టడం అదే మొదలు. అల్లం తవ్వి తవ్వి చేటంత అయిన చెయ్యి డబ్బాలోకి దిగి, నిండుగా పైకి లేచింది.

"ఓరి నాయనో, చాలు, చాలు! మనమూ తినాలి" అంటూ రోఖుమి ఆయన మణికట్టు పట్టుకుంది.

అప్పటికే సగం చిన్న డబ్బాలో పడిపోయింది. మిగిలిన సగం కుండలోకి వెళ్ళింది.