నీళ్లు చూసే పని

మా పత్రిక జిల్లా పేజీలు ఆపేస్తున్నట్టు కబురొచ్చిన రోజు, పెనుకొండలో ఒక టీ కొట్టు దగ్గర మేం నలుగురు మండల విలేకరులం చాలాసేపు నిలబడిపోయాం. ఎవరికీ ఇంటికి పోవాలని లేదు. మాలో పెద్దాయన నవ్వు తెచ్చుకుని అడిగాడు.

"ఈ పనిలోకి రాకుంటే ఏం చేస్తాంటిరప్పా మీరంతా?"

ధర్మవరం అతను మగ్గం గుంటలో కూర్చునేవాణ్ణన్నాడు. ఇంకొకతను గుంతకల్లులో రైల్వే పరీక్ష రాయడానికి బయల్దేరిన పొద్దునే ఎవరో మంత్రి పర్యటన వచ్చిపడిందట. లేకపోతే ఈపాటికి రైలు నడుపుతూ ఉండేవాణ్ణన్నాడు. అందరూ నవ్వారు. నేనేమై ఉండేవాణ్ణో ఊహించుకోనక్కర్లేదు, మా ఊరంతటికీ తెలుసు.

మా నాయన బోరు పాయింట్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలంలో నడిచేవాడు. కింద నీళ్లున్న చోట అది దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. సోమందేపల్లె చుట్టుపక్కల ఆయన చూపించందే బోరు బండిని పిలిచేవాళ్లు కాదు. నీళ్లు పడితే ఇంటికొచ్చి మరీ చెప్పేవారు. పడకపోతే మా వైపు చూడకుండా దాటిపోయేవారు. అట్లాంటప్పుడు నాయన అన్నం సరిగా తినేవాడు కాదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు నా చేతిలో టెంకాయ పెట్టి, "నీ చెయ్యి బాగుండాది. నేర్చుకో" అన్నాడు. ఇదంతా ఉత్తదని, నేను నిజాలు రాసే పని చేస్తానని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ టెంకాయ కొట్టి చట్నీకి ఇచ్చాడు. తర్వాత నేను విలేకరినయ్యాను. ఆయన ఉన్నప్పుడూ, పోయాక కూడా ఎక్కువగా రాసింది ఎండిపోయిన బోర్ల గురించే.

పత్రికలో పని పోయాక కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాను. పొద్దున్నే లేవడం, ఫోన్ చూడటం, ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదని తెలుసుకుని మళ్లీ పడుకోవడం. అప్పుడొచ్చింది ఒకామె. పక్క ఊరి రైతు. మొగుడు పోయాక, మేం చీనీ అనే బత్తాయి తోట తనే చూసుకుంటోంది. చెట్లు ఎండుతున్నాయని గుమ్మంలో నిలబడే చెప్పింది.

"మీ నాయన ఉన్నప్పుడు మాకు నీళ్లు చూపించినాడు. ఇప్పుడు నువ్వొచ్చి చూడాల."

"నాకు రాదక్కా. నేను పేపరోణ్ణి."

"పేపరు యాడుండాదప్పా ఇప్పుడు?"

ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. ఆమె పోయాక నా భార్య, "పోయి చూసొస్తే ఏమైతాది? ఈడ కూర్చుని గోడలు చూసేదానికన్నా" అంది. ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు పోయాను.

చీనీ ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. నిమ్మకాయలంత కాయలు పసుపెక్కి రాలి కిందపడి ఉన్నాయి. ఆమె ఇచ్చిన టెంకాయను నాయన పట్టుకున్నట్టే పట్టుకుని, చెప్పులు విడిచి నడిచాను. తోట తూర్పు మూలకు చేరేసరికి టెంకాయ కదిలింది. నా వేళ్లే కదిపాయో, చెమటకు జారిందో ఇప్పటికీ చెప్పలేను. ఆమె రెండు చేతులూ జోడించింది. ఆ ముఖం చూసి నాకు భయమేసింది.

టెంకాయ కింద పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. ఇంతకుముందు ఎక్కడెక్కడ వేశారు, ఎంత లోతు పోయారు, పక్క తోటవాళ్లకు ఏం పడింది. వేసినవన్నీ ఎండిపోయాయి, పక్కవాళ్లకు దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆమె చెబుతున్నకొద్దీ నాకు ఆశ చచ్చిపోయింది.

"వద్దక్కా. ఈడ నీళ్లు లేవు. బోరు వేయద్దు" అన్నాను.

"మీ నాయన ఎప్పుడూ వద్దని చెప్పలేదప్పా" అని తోట అవతల ఎండిపోయిన చెరువు వైపు తిరిగి నిలబడిందామె.

నా మాట వినలేదు. టెంకాయ కదిలిన చోటే బోరు వేయించింది. నీళ్లు పడ్డాయి. బంధువుల ఊళ్లకు కూడా ఫోన్లు చేసి నా చెయ్యి మంచిదని చెప్పింది. జనం మా ఇంటికి రావడం మొదలైంది. అందరికీ నాకు రాదనే చెప్పి పంపాను. ఒక ముసలాయన మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని, "నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా?" అని లేచి పోయాడు. ఆయన పొలంలో నీళ్లు పడి ఉండేవేమోనని చాలా రోజులు నిద్రపట్టలేదు. పడకపోతే ఆయన గతి ఏమిటని మరికొన్ని రోజులు పట్టలేదు. చివరికి తహశీల్దారు ఆఫీసు ఎదుట ఒక జిరాక్స్ షాపులో అర్జీలు టైపు చేసే పనికి కుదిరాను.

ఈ ఎండాకాలం ఆమె మళ్లీ ఫోన్ చేసింది. బోరు సన్నబడిందట. పోయాను. ఈసారి టెంకాయ తీసుకోలేదు. పైపులోంచి తెగి తెగి వస్తున్న నీళ్లు చూసి, "సగం చెట్లు కొట్టెయ్యి అక్కా. ఉన్న నీళ్లు మిగతా సగానికి పెట్టుకో" అన్నాను. ఆమె ఒక వరస చివరిదాకా పోయి తిరిగొచ్చింది.

"ఏ సగం?" అంది చివరికి.

ఇద్దరం వరసల మధ్య తిరిగి, కొట్టాల్సిన చెట్లకు సున్నంతో గుర్తులు పెట్టాం. కొన్నిటికి ఇంకా పచ్చి ఆకులున్నాయి. కూలీలు గొడ్డళ్లు తెచ్చారు. మొదటి చెట్టు పడ్డప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను షాపుకు ఫోన్ చేసి ఈరోజు రానని చెప్పి, ముళ్లు గీసుకుంటున్నా కొమ్మలు గట్టు మీదికి లాగుతూ ఉండిపోయాను.