పోయే ఓడ కోసం

మా దాసన్న చిన్నాయన పక్కనుంటే ట్రాక్టరులోంచి శనక్కాయల మూటలు దించడం మహా తలనొప్పి. మా ఊరు కోసిగిలో ఎవరైనా ఎత్తు, దించు అంటారు. ఆయన మాత్రం ఎత్తమనడానికి ‘హబేస్’, దించమనడానికి ‘ఆరియా’ అని అరుస్తాడు. మూట మోసేవాడు బిత్తరపోయి మా మొహాలు చూస్తాడు. అదంతా ఓడల మీద నేర్చుకున్న భాష. వానలు మొహం చాటేసిన ఏడాది గుజరాత్ పోయి, పాత ఓడలు విప్పే పనిలో చేరాడు. మోకాళ్లు అరిగేదాకా అక్కడే ఉన్నాడు.

ముందు ఓడ పక్కలకు వేలాడే పడవలు దించుతారట. తర్వాత మోకులు, దీపాలు, చుక్కాని తిప్పే చక్రం. బరువు తగ్గేకొద్దీ ఓడ, పోటు నీళ్లకు ఇంకా గట్టుకు జరుగుతుందట.

“మనం పీకేకొద్దీ మన కాడికే వస్తాది పాపా,” అనేవాడు.

అన్ని ఓడలు విప్పిన మనిషి, సముద్రంలోకి పోయే ఓడను ఒక్కదాన్నీ చూడలేదు. ఆయన చూసినవన్నీ చావడానికి వచ్చినవే. పోయేదాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలని ఒకటే తపన. అన్నం ముందు కూర్చున్నా అదే మాట.

“తాగనీకే నీళ్లు లేవు గానీ ఓడలంట, ఓడలు!” అని విసుక్కునేది మా చిన్నమ్మ విశ్వాసమ్మ.

నాకు విశాఖలో నర్సు ఉద్యోగం రాగానే ఇద్దరినీ పిలిపించాను. ఒకరోజు పొద్దున్నే రేవు పక్క ఒడ్డుకు తీసుకెళ్లాను. మా అదృష్టం, సరుకు దించేసిన ఓడ ఒకటి మెల్లగా బయటికి వస్తోంది. చిన్నాయన ఎగిరి గంతేస్తాడనుకున్నా. ఎక్కడ! వేలు చాపి మొదలుపెట్టాడు.

“ముందు ఆ పడవలు దించాల. పొగగొట్టం ఆనక కోయొచ్చు. లంగరు గొలుసు శానా బరువుండాది...”

చిన్నమ్మకు ఒళ్లు మండింది. “థూ! బతికుండేదానికి బొంద కొలత తీస్తాండావా? నోర్మూసుకోని చూడు!”

చిన్నాయన మొహం పాలిపోయింది. ఓడ మా ముందునుంచే పోతోంది. పైనుంచి ఎవరో చెయ్యి ఊపారు కూడా. ఈయన ఊపలేదు. చెప్పులతోనే నీళ్లలోకి దిగాడు. భయమేసి చెయ్యి పట్టుకున్నాను. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

“పో తల్లీ, పో,” అన్నాడు. “యాడికన్నా పో. మా కాడికి మాత్రం రావాకు.”