మునిరత్నం తాత కుడిచెయ్యి

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది కూడా. మాది కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆండర్సన్‌పేట. మా పేటలో ప్రతి గనికీ ఒక దయ్యం ఉంటుంది, దాన్ని కళ్లారా చూసిన మేనమామ ఒకడుంటాడు. గనులు మూసేసి మనుషులందరినీ వీఆర్ఎస్ ఇచ్చి ఇంటికి పంపించారు గానీ, దయ్యాలను మాత్రం ఎవరూ డ్యూటీ దింపలేదు. ఈ కథలు వినీ వినీ విసుగెత్తి బయాలజీ చదువుకున్నదాన్ని నేను. ఇప్పుడు నేను చెప్పబోయే సంగతి ఇంకెవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ శిక్షణలో చేరాను. పక్షవాతం వచ్చినవాళ్లకు, చెయ్యి పడిపోయినవాళ్లకు బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి పనులు మళ్లీ నేర్పించడం మా పని. ఈ మాట నేను చెప్పని ఇల్లు మా పేటలో లేదు. అంతా విని చివర్లో "అంటే నర్సమ్మనా?" అనేవాళ్లు. మొదట్లో విడమరచి చెప్పేదాన్ని, తర్వాత అవునని తలూపేదాన్ని.

ప్రాక్టికల్ పరీక్ష ఒకసారి తప్పాను. రెండోసారీ తప్పితే ఇక అవకాశం లేదు. మా నాయన ఆటో తుడుచుకుంటూ తేల్చి చెప్పేశాడు. "ఇంగ చాలమ్మా. ఈసారీ పోతే పొద్దున్నే బెంగళూరు రైలెక్కి గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పో. మీ పిన్ని కూతురు పోతా ఉండాది కదా."

పరీక్షకు ఒక పేషెంట్‌ను తయారుచేసి చూపించాలి. నాకు దొరికింది మునిరత్నం తాత. చాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైను ఇళ్లలో ఉండేవాడు, గని లోపల పనిచేసినవాడు. పక్షవాతం తర్వాత కుడిచెయ్యి కొద్దిగా కదిలేది గానీ అందులో స్పర్శ బొత్తిగా లేదు. దూదితో రాసినా, సూదితో గుచ్చినా తెలిసేది కాదు.

ఇలాంటివాళ్లకు ఒక అభ్యాసం ఉంది. ట్రేలో బియ్యం పోసి, అందులో తాళంచెవి, బొత్తాం లాంటివి దాచిపెడతాం. కళ్లు మూసుకుని, చేత్తో వెతికి, అదేమిటో తీయకముందే చెప్పాలి. పరీక్షలో చూపించాల్సిందీ ఇదే. కానీ తాత భార్య రాజమ్మవ్వకు ఇది గిట్టలేదు. తాతను మా సెంటర్‌కు తీసుకొచ్చినప్పుడల్లా, తినే బియ్యంలో ఆటలేమిటని గొడవ. ఒకరోజు నేను అటు తిరిగేలోగా ఆ బియ్యం కొంగున కట్టుకుని ఇంటికి పోయి వండేసింది కూడా. అందులో నేను దాచిన గాజుముక్క ఉందని పరిగెత్తుకుంటూ పోయి చెప్పాల్సి వచ్చింది.

ఆమెతో పడలేక సైనైడ్ దిబ్బ దగ్గరికెళ్లి ఒక బక్కెట్టు మట్టి తెచ్చాను. గని లోపలి రాయిని పైకి తెచ్చి, నూరి, సైనైడుతో బంగారం తీసుకున్నాక పారబోసిన పొడి అది. మా ఊళ్లో అది కొండలు కొండలుగా ఉంటుంది, చేతికి మెత్తగా తగులుతుంది. మంచిది కాదని బయటివాళ్లు అంటారు. మేమంతా దాని మీద జారి ఆడుకుని పెరిగినవాళ్లమే, నాకు ఆ ఆలోచనే రాలేదు.

బియ్యంలో వారాల తరబడి ఏమీ దొరకని చెయ్యి, ఆ మట్టిలో పెట్టిన మొదటిరోజే తాళంచెవిని పట్టుకుంది. తర్వాత చింతగింజ. తర్వాత బొత్తాం. కళ్లు మూసుకునే ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నా చేతి చలవేనని మురిసిపోతుంటే తాత నెమ్మదిగా అన్నాడు. "నాకేం తెలీడంలేదు అమ్మణ్ణీ. జయశీలన్ తీసి చేతిలో పెడతా ఉండాడు. ఏందో కూడా వాడే చెప్తా ఉండాడు."

జయశీలన్ ఎవరని అడిగాను. లోపల జోడీగా పనిచేసినవాడట. ఒకరోజు రాయి పేలి కూలితే తాత బయటపడ్డాడు, జయశీలన్ కిందే ఉండిపోయాడు. శవం కూడా పైకి రాలేదట.

నాకు జాలి కలగలేదు, చిర్రెత్తుకొచ్చింది. నా కష్టమంతా చివరికి ఒక దయ్యం ఖాతాలో పడిందా! "తాతా, పరీక్షకొచ్చే మేడం ముందర ఈ మాట అన్నావంటే నా బతుకు గార్మెంట్స్ పాలే" అని గట్టిగానే కసిరాను. ఆయన తలూపాడు. ఆ వెంటనే సూదితో గుచ్చి చూశాను. స్పర్శ లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం, వస్తువులు మార్చి పెట్టడానికి నేనే ట్రేలో చెయ్యి పెట్టాను. గదిలో ఎండ పడుతోంది. తాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. మట్టిలో నా వేళ్లను ఒక చెయ్యి పట్టుకుంది.

ట్రే లోతు నాలుగు వేళ్లకు మించదు. కింద చెక్కబల్ల. చేతి ఎముకలు చదివి చదివి అలవాటైన వేళ్లు కదా, భయపడకముందే తడిమేశాయి. అరచెయ్యి ఎముకలు, బొటనవేలు, చూపుడువేలు. చూపుడువేలికి చివరి కణుపు లేదు. అప్పుడు చెయ్యి లాక్కున్నాను. మట్టంతా నేల మీద పడింది. అందులో నేను పెట్టిన బొత్తాం, చింతగింజ తప్ప ఏమీ లేవు.

"దొరికినాడా?" అన్నాడు తాత.

జయశీలన్ చేతులు ఎలా ఉండేవని అడిగాను. తాత తన మంచి చేత్తో చూపుడువేలి కొస మడిచి చూపించాడు. "ఇంతవరకే. మిగతాది డ్రిల్లు మిషను తినేసినాది."

పరీక్షరోజు బెంగళూరు నుంచి వచ్చిన మేడం ఆ ట్రే చూడగానే మొహం చిట్లించింది. "మట్టి ఏమిటమ్మా? తీసెయ్, శుభ్రంగా బియ్యం పోయించు." నా ప్రాణం ఉసూరుమంది. బియ్యంలో తాతకు ఏ రోజూ ఏదీ దొరకలేదని ఆమెకెలా చెప్పను? చాటుకు పోయి కళ్లు తుడుచుకుని వచ్చాను.

తాత కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత చెయ్యి బియ్యంలో పెట్టాడు. బొత్తామన్నాడు, బొత్తాం తీశాడు. తాళంచెవన్నాడు, తాళంచెవి తీశాడు. మేడం తన హ్యాండ్‌బ్యాగులోంచి తీసి నాకు కూడా చూపించకుండా బియ్యంలో దాచిన పెన్ను మూతను సైతం చెప్పి తీశాడు. ఇంత మంచి కేసు ఈమధ్య చూడలేదని ఆమె నా భుజం తట్టింది.

బయట అంగడిలో టీ ఇప్పించాను. తాత మాటల్లో పడి, పొగలు కక్కే గ్లాసును కుడి అరచేత్తో బిగించి పట్టుకున్నాడు. చర్మం ఎర్రగా కాలుతున్నా ఆయనకు తెలియడం లేదు. నేనే గ్లాసు లాక్కున్నాను.

"తాతా, మరి బియ్యంలో ఎట్లా చెప్పినావు?" అన్నాను.

"నువ్వు ఏడస్తా ఉంటివి కదమ్మా. మన బిడ్డ ఒగసారి పాసు కావల్ల, ఈ బియ్యంలోకి కూడా రారా అని పిలిస్తిని. వచ్చినాడు."

ఆయన చేతికి స్పర్శ చివరిదాకా రాలేదు. నేను పాసయ్యాను, ఉద్యోగం చేస్తున్నాను, ఎన్నో చేతులు చూశాను. నేను చదివిన బయాలజీలో దీనికి జవాబు దొరకక ఇప్పటికీ విసుగొస్తుంది. జయశీలన్‌ను కిందినుంచి పైకి తేవడం ఎవరివల్లా కాలేదు. నా పరీక్షకు మాత్రం, పిలిస్తే వచ్చాడు.