బరువు ఎక్కని ఇంజను

ఆసుపత్రి వెనక, ఉతికిన దుప్పట్లు ఆరేసే వరండా దాటగానే, ఇనుప తలుపులున్న ఒక గది ఉంది. కరెంటు పోయినప్పుడు ఆసుపత్రినంతటినీ నిలబెట్టవలసిన డీజిలు జనరేటరు అందులోనే ఉంటుంది. దాన్ని చూసుకునే మనిషిని కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆసుపత్రిలో ఆయన జనరేటరు పెద్దాయన. ప్రార్థన మందిరంలో ఎదుటపడితే పెద్దయ్యగారు, చాటున సిద్ధమయ్య. శనివారం సాయంత్రం కూడికలో ప్రభువు రాకడ గురించి, అంటే యేసు తిరిగి రావడం గురించి, మాట్లాడేది ఆయనే. ఎక్కడ మొదలుపెట్టినా "సిద్ధంగా ఉన్నారా?" అన్న ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగేవాడు. విందులో వడ్డన ఆలస్యమైతే, "సిద్ధమయ్యను పిలవండ్రా, వంటవాళ్లను ఒక మాట అడుగుతాడు" అని కుర్రకారు నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు ఆయన చెవిన పడకపోలేదు. లోకం నవ్వుతోందంటే తాను చెప్పేది సత్యమేనని లెక్క వేసుకున్నాడు. నవ్వుకు వేరే కారణం ఉండవచ్చునన్న ఊహ అలాంటివారికి ఆలస్యంగా తడుతుంది.

పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్లు లేరు. గది నేల అద్దంలా ఉండేది. ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉండేది. ప్రతి సోమవారం పొద్దున ఇంజను నడిపి, చెవి ఒగ్గి విని, మోత తేడాగా లేదని తేల్చుకున్నాకే ఆపేవాడు. ఒక్క పని మాత్రం చేసేవాడు కాదు. గోడకున్న పెద్ద స్విచ్చు తిప్పి, దీపాలూ ఫ్యాన్లూ యంత్రాలతో కూడిన ఆసుపత్రి బరువును ఇంజను మీదికి ఎక్కించేవాడు కాదు. ఎన్నడో ఒకసారి అలా తిప్పినప్పుడు దీపాలు రెప్పపాటు ఆరి వెలిగాయి. పెద్ద డాక్టరు కిందికి దిగివచ్చి నలుగురి ముందూ గడ్డి పెట్టాడు. ఆనాటి నుంచి ఇంజను ఖాళీగానే నడిచింది. అందువల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మోత మేడ మీదికి వినిపించేది, విన్నవాళ్లకు ధైర్యంగా ఉండేది. ఆసుపత్రికి రెండు కరెంటు లైన్లు ఉండటం వల్ల, ఒకటి పోతే రెండోది అందుకునేది. ఇంజను అవసరం నిజంగా వచ్చిందే లేదు.

ఆయనకొక తమ్ముడున్నాడు. రెండు వీధుల అవతల లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. ఆస్తి తగాదా కాదు, ఆడవాళ్ల గొడవా కాదు. వాళ్లమ్మ మంచం పట్టిన చివరి రోజుల్లో పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని, "నాయనా, నేను సిద్ధంగానే ఉన్నానంటావా?" అని అడిగింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమెను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఒప్పుకోని పాపం ఏదైనా మిగిలిందా, ఎవరిమీదైనా కసి ఉందా, నాన్న పోయిన ఏడాది ప్రార్థనకు రాకుండా ఎందుకు మానేశావు అని. ప్రేమతోనే అడుగుతున్నాననుకున్నాడు. ఆమె కళ్లలో పెరుగుతున్న బెదురును చూసి పశ్చాత్తాపం అనుకున్నాడు. తమ్ముడు లోపలికొచ్చి, రెక్క పట్టుకుని బయటికి నెట్టి, "నువ్వు దేవుడి మనిషివి కాదు, పోలీసువి" అని తలుపు వేసేశాడు. వరండాలో కూర్చున్న సంఘస్థులంతా ఆ మాట విన్నారు. తల్లిని సమాధి చేసిన కొద్దిరోజులకే, రాకడను హేళన చేశాడన్న కారణం చూపి సంఘపెద్దలు తమ్ముణ్ణి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. పెద్దలంటే ఆయనే, తక్కినవాళ్లు తలలూపారు. అటుపైన ప్రతి కూడికలోనూ తమ్ముణ్ణి క్షమించినట్టు దేవుడికి విన్నవించుకునేవాడు. గొంతు కూడా వణికేది. వీధిలో ఎదురుపడితే మాత్రం తల తిప్పుకుని పోయేవాడు.

ఆ మధ్యాహ్నం ఎదుటి రోడ్డు తవ్వుతున్న యంత్రం, భూమిలో పక్కపక్కనే ఉన్న కేబుళ్లు రెంటినీ ఒక్క వేటుతో తెంపేసింది. ఆసుపత్రి చీకటైంది. పెద్దాయన తడబడలేదు. ఇంజను తిప్పగానే అందుకుంది. ఏళ్లుగా ముట్టని పెద్ద స్విచ్చును బలంగా తిప్పాడు. మేడ మీద దీపాలు వెలిగాయి, ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన గుండె పొంగింది.

ఆ పొంగు చల్లారకముందే మోత మారింది. ఎత్తు ఎక్కలేని ముసలివాడిలా ఇంజను రొప్పసాగింది. గొట్టంలోంచి తారులాంటి పొగ వచ్చింది. దీపాలు గుడ్డివై, ఆరిపోయాయి. ఇంజను మళ్లీ తిప్పాడు. ఖాళీగా చక్కగా మోగింది. బరువు పెట్టగానే చచ్చిపోయింది. మూడోసారి అసలు అందుకోనేలేదు.

ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల వార్డు చూసే హెడ్ నర్సు స్వయంగా దిగివచ్చింది. ఆమె కంగారుపడే మనిషి కాదు, అందుకే ఆయనకు ఎక్కువ భయం వేసింది. ఊపిరి యంత్రం మీద ఒక టీచరమ్మ ఉందనీ, యంత్రంలో ఉన్న బ్యాటరీ అరగంటకు మించి రాదనీ, ఆ తరువాత చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి పొయ్యాలనీ, లిఫ్టు లేకుండా ఆమెను కిందికి దించలేమనీ చెప్పింది.

"అన్నా, మొన్న సోమవారం కూడా నడిచింది కదా. నేను విన్నాను."

"నడిచింది సిస్టరమ్మా."

"మరి?"

ఆయన ఫోను అందుకున్నాడు. జనరేటరు కంపెనీ మనిషికి ఫోను చేస్తే, రావడానికి సాయంత్రం అవుతుందన్నాడు. మీ తమ్ముడికి ఇంజన్ల పని తెలుసు కదా అని ఆమె గుర్తుచేసింది. ఇంకొక్కసారి చూసి పిలుస్తానని ఆయన అన్నాడు. ఆమె వార్డుకు మెట్లెక్కింది.

ఇంజను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చూడటానికి ఇంకేమీ లేదని తనకే తెలుసు. పైన ఒక మనిషి ఊపిరి తరిగిపోతోంది, ఇక్కడ కాళ్లు కదలడం లేదు. తమ్ముణ్ణి క్షమించాను కదా, క్షమించినవాడి గుమ్మానికి వెళ్లడానికి ఇంత బరువెందుకు అనుకున్నాడు. ఆ ప్రశ్న ఆయనకు కొత్త. ఇన్నాళ్లూ ప్రశ్నలు ఆయన నోటి నుంచి బయటికే వెళ్లాయి.

పరుగెత్తాడు. షెడ్డు చేరేసరికి ఊపిరి అందలేదు. తమ్ముడు లారీ కిందనుంచి జారి బయటికొచ్చి, అన్నను ఎగాదిగా చూశాడు.

"జనరేటరు ఆగిపోయింది. పైన ఒకావిడ ఊపిరి యంత్రం మీద ఉంది" అన్నాడు పెద్దాయన.

తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు నా షెడ్డుకొచ్చావంటే రాకడ దగ్గరపడినట్టే" అని, అప్పటికే పనిముట్ల పెట్టె అందుకుని నడవసాగాడు.

గదిలోకి రాగానే అతను ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. పొగగొట్టం లోపల వేలు పెట్టి చూశాడు. వేలికి జిగటగా నల్లటి మడ్డి అంటింది. ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లను విప్పసాగాడు. వాటి మూతులు కూడా అదే మడ్డితో పూడుకుపోయి ఉన్నాయి.

"దీన్ని బరువు మీద ఎప్పుడైనా నడిపావా?"

"ప్రతి సోమవారం నడుపుతాను."

"నేనడిగింది అది కాదు."

పెద్దాయన నేల చూశాడు. "లేదు."

"ఖాళీగా నడిపితే దీని ఒళ్లు వేడెక్కదన్నయ్యా. తాగిన డీజిలు పూర్తిగా మండదు, ఇలా లోపలే పేరుకుంటుంది. మోత బాగానే ఉంటుంది. మోతకేం." నిందగా అనలేదు. ఏ లారీ డ్రైవరుకైనా అలాగే చెప్పి ఉండేవాడు. నాజిలూ, సన్నని తీగా, గుడ్డా అన్న చేతిలో పెట్టి, గీకమన్నాడు.

పెద్దాయన గీకుతున్నాడు. వార్డులో బ్యాటరీ అయిపోయిందనీ, చేత్తో సంచి నొక్కుతున్నారనీ ఆయా మెట్ల మీదనుంచి చెప్పి వెళ్లింది. తాను జీవితమంతా చాటిన ప్రభువు ఈ క్షణాన ఆ ఇనుప తలుపు తోసుకుని లోపలికొస్తే, ఆయనకు తానేం చూపిస్తాడు? శనివారాలు చూపిస్తాడా, సోమవారాలా? అద్దంలాంటి నేల చూపిస్తాడా? "ఇవాళ వద్దు ప్రభువా" అన్న మాట మనసులో దానంతటదే మెదిలింది. ఆ మాట తనదేనని గుర్తించడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. ఇన్నేళ్లూ రమ్మని పిలిచినవాడు, తీరా తలుపు కదిలేట్టుంటే వద్దంటున్నాడు.

రాకడను నమ్మాడు, అందులో సందేహం లేదు. దాని గుర్తులు తెలుసు, వరుస తెలుసు, ఎవరు పరలోకానికి ఎత్తబడకుండా విడవబడతారో కూడా తెలుసుననుకున్నాడు. వచ్చేవాడి ముఖం వైపు మాత్రం ఏనాడూ చూడలేదు. తాళాలూ గడియలూ సరిచూసుకుంటూ కూర్చున్న మనిషికి, వచ్చేది ఎవరన్నది మరపున పడిపోయింది. సిద్ధపాటు తన దగ్గర ఉన్న సరుకనుకున్నాడు. ఆ సరుకు మీద ఒక్క తమ్ముడి బరువు పడితేనే పొగ కక్కుకుని ఆగిపోయింది. అమ్మ బరువు పడిన రోజునే ఆగిపోయి ఉండాలి, తనకు వినపడలేదు. ప్రార్థనకు ఎప్పుడూ పొడవైన మాటలు దొరికేవి. ఇప్పుడు, "నా దగ్గర ఏమీ లేదు, నువ్వే కనికరించు" అన్నంత మాత్రమే వచ్చింది. ఆ చిన్న మాట మీద తన బరువంతా పడటం ఆయనకు తెలిసింది. అది నిలుస్తుందో లేదో ఆలోచించే తీరిక లేదు.

పూడుకుపోయిన పొగగొట్టాన్ని తమ్ముడు ఊడదీసి పక్కన పడేశాడు. నాజిళ్లు బిగించాడు. "అన్ని అంతస్తుల స్విచ్చులూ దించు. ముందు ఆ ఒక్క వార్డే. ఇది వేడెక్కేదాకా ఇంకేదీ ముట్టుకోకు."

ఇంజను అందుకుంది. గొట్టం లేనందువల్ల ఆ హోరుకు గోడలు అదిరాయి. తమ్ముడు చెయ్యెత్తి సైగ చేశాడు. పెద్దాయన వార్డు స్విచ్చు ఎక్కించాడు. ఇంజను కుంగింది. నల్లటి పొగ గదంతా కమ్మింది. ఇద్దరూ దగ్గుతూ నిలబడ్డారు. మోత కిందికి, ఇంకా కిందికి జారింది. ఆగిపోయే అంచున ఒక్క లిప్త తటపటాయించి, పట్టు దొరికినట్టు మెల్లగా పైకి లేచింది. పొగ నలుపు బూడిదరంగుకు తిరిగింది. యంత్రం నడుస్తోందనీ, టీచరమ్మ గుండె కొట్టుకుంటోందనీ ఆయా వచ్చి చేతులతో చెప్పింది. ఆమె మాట ఆ హోరులో వినపడలేదు.

రెండో స్విచ్చు ఎక్కించేముందు ఇంజను కాస్త కాగాలి. ఆ వ్యవధిలో పెద్దాయన తమ్ముడి దగ్గరికి జరిగాడు. ఇలాంటివి మెల్లగా చెప్పుకోవలసిన మాటలు. ఆయనకు ఆ వెసులుబాటు కూడా దక్కలేదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవవలసి వచ్చింది.

"అమ్మ విషయంలో తప్పు నాదిరా. నిన్ను వెలివేసిందీ నా కోపమే."

తమ్ముడు వినపడలేదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆయన మళ్లీ అరిచాడు, ఇంకా గట్టిగా. వరండాలో దుప్పట్లు తీస్తున్న ఇద్దరు తిరిగి చూశారు.

"మొదటిసారే విన్నాను" అన్నాడు తమ్ముడు. తనే అన్న చెవి దగ్గరికి వంగాడు. "నువ్వు బయటికెళ్లాక అమ్మ మళ్లీ అదే అడిగింది, నేను సిద్ధంగా ఉన్నానా అని. సిద్ధంగా లేవమ్మా, ఎవరమూ లేము, కానీ వచ్చేది కొత్తవాడు కాదు, నీకోసం చనిపోయినవాడే, ఆయన్ని గట్టిగా పట్టుకో అన్నాను."

"ఏమంది?"

"సరే అంది. నిద్రపోయింది."

పెద్దాయన స్విచ్చుల వైపు తిరిగాడు. తరువాత తమ్ముడి సైగను బట్టి రెండో అంతస్తు ఎక్కించాడు, తరువాత మూడోది. ప్రతిసారీ ఇంజను కుంగేది, ప్రతిసారీ ఆయన గుండె దానితోపాటే కుంగేది. పొగ పలచబడింది. ఇనుము వేడికి గది కాగిపోయింది.

తక్కినవి తమ్ముడికి అప్పగించి, చేతులు కడుక్కున్నాడు. ఎక్కడికని తమ్ముడు కనుబొమలెగరేశాడు.

"పెద్ద డాక్టరు దగ్గరికి. ఇన్నాళ్లూ ఖాళీగా నడిపానని చెప్పాలి. శనివారం సంఘంలో కూడా చెప్పాలి, రెండోది ఇంకా కష్టం."

"ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు."

మెట్ల మీద జనం ఎదురొస్తున్నారు. కొందరు ఆయన్ని చూసి చేతులెత్తి మొక్కారు, ఇంజను నడిపించింది ఆయనే అనుకుని. ఒక్కొక్కరికీ ఆగి, నేను కాదు, మా తమ్ముడు అని చెప్పుకుంటూ ఎక్కాడు. ప్రభువు వచ్చేదేదో ఈ మెట్ల మీద ఉండగానే వచ్చేస్తే అన్న తలపు రాగానే కమ్మీ పట్టుకున్నాడు. అయినా మసి పట్టిన చొక్కాతో, చూపించడానికి ఏమీ లేని చేతులతో, ఆ ప్రభువును చూడాలనిపించింది. భయం ఉంది. ఆ భయంతోనే పై మెట్టు మీద కాలు పెట్టాడు.