అవ్వ చుట్టిన చివరి కండె

మా చిన్నప్పుడు... మరాఠీ ఊరిలో తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లోని మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అవ్వ రాట్నం. ఆ చప్పుడుకే మేము కళ్లు తెరిచేవాళ్లం.

ఎనభైల చివరి రోజులు. పేటలో చాలామంది పవర్‌లూమ్‌లకు మారిపోయారు. తాత మాత్రం గుంట మగ్గం వదల్లేదు. అవ్వ గడప దగ్గర కూర్చుని చిలపల్లో చుట్టలుగా వచ్చిన నూలును చిన్న పుల్లల్లాంటి కండెలకు చుట్టేది. తాత వాటిని ఒక్కొక్కటిగా పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి నేసేవాడు.

"ఏమే, కండె ఇస్తవా, నన్నే లేచి రమ్మంటవా?"

"నాకున్నయి రెండే చేతులు. మూడోది ఉంటే నీ నెత్తి మీద మొట్టుదును."

రోజంతా ఇదే...

అవ్వ చుట్టిన కండె చివరి పోగు దాకా తెగకుండా వచ్చేది. ఎప్పుడైనా మా అమ్మ చుడితే తాత చేతికి వెంటనే తెలిసిపోయేది. "ఇది కోడలు చుట్టింది గదా?" అనేవాడు. చుట్టే చెయ్యి మారితే బిగువు మారుతుంది. నేతలో సన్నటి అడ్డగీత పడుతుంది. ఆ గీత తాతకు నచ్చదు, చీరలు కొనే సావుకారుకూ నచ్చదు. అందుకే ఒక చీర మొదలుపెడితే, అది అయ్యేదాకా అవ్వే చుట్టాలి.

ఒక ఏడు వానాకాలంలో అవ్వకు దమ్ము ఎక్కువైంది. దవాఖానకు పోదామని నాయిన రిక్షా తెచ్చాడు. అవ్వ లేవలేదు.

"జర ఆగుర్రి. గీ చిలప ఒడగొట్టి వస్త."

ఆయాసపడుతూనే చిలప అయిపోయేదాకా చుట్టింది. కండెలు బుట్టలో పెట్టి, పైన తడిబట్ట కప్పి రిక్షా ఎక్కింది.

తిరిగి రాలేదు.

దినాలు అయ్యేదాకా మగ్గం ఆగింది. సగం నేసిన చీర అలాగే ఉంది... బుట్ట మీది బట్ట ఎండి బిర్రుగా అయింది. దాన్ని ఎవరూ తీయలేదు.

దినాల తర్వాత తాత మగ్గంలో దిగాడు. బుట్టలోంచి కండె తీసి అందించే పని నాది. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు, అరవలేదు. ఊరికే చెయ్యి చాచేవాడు. అంత నిదానంగా ఆయన నేయడం నేనెప్పుడూ చూడలేదు. బుట్ట ఖాళీ అవుతున్నకొద్దీ ఇంకా నిదానం... మధ్యాహ్నమే లేచిపోయేవాడు.

చివరికి బుట్టలో ఒక్క కండె మిగిలింది. చీరకు ఇంకా బెత్తెడు నేత ఉంది. ఆ ఒక్కటీ సరిగ్గా సరిపోతుంది.

నేను కండె అందించాను. తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రొంటిన దోపుకున్నాడు.

దినాలకు వచ్చి ఇంకా మా ఇంట్లోనే ఉన్న మేనత్తను పిలిచాడు.

"బిడ్డా, ఒక కండె చుట్టు."

"అమ్మది ఉంది గద, బాపూ?"

"నువ్వు చుట్టు."

"గీత పడ్తది బాపూ. సావుకారు మనిషి తీస్కపోడు."

"పడనియ్యి."

అత్త ఇంకో చిలప తీసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని రాట్నం ముందు కూర్చుంది.

సావుకారు మనిషి వచ్చి చీరను వాకిట్లో వెలుగుకు పట్టి చూశాడు. "కాయ్ తాతా, ఏంది, నీ చీరల గీతనా?"

"అవును" అన్నాడు తాత. అంతే.

ఆ చీర అతను తీసుకోలేదు. అత్త కట్టుకుని తన ఊరికి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు తాత మీద కోపం వచ్చింది. ఒక్క కండె వాడితే ఏం పోయేది అనుకున్నాను...

పోయిన ఏడాది నా భార్య పోయింది. ఆమె దంచి పెట్టిన పల్లికారం సీసా అడుగున ఇంకా రెండు చెంచాలంత అలాగే ఉంది. నేను బజారు నుంచి పొట్లం తెచ్చుకుని తింటున్నాను. రుచి వేరు. తింటున్నాను.

ఇప్పుడు మా ఊరి నీలం నగర్ మగ్గాల కార్ఖానాల్లో కండెలు మిషనే చుడుతుంది. అన్నీ ఒకే బిగువు. గీత పడదు... ఏది ఎవరి చెయ్యో కూడా తెలియదు.

మీ ఇంట్లో కూడా, వెళ్లిపోయినవాళ్లు చేసి పెట్టింది ఏదైనా వాడకుండా మిగిలి ఉందా? ఉంటే అదేమిటో రాయండి. ఎందుకు వాడలేదని మాత్రం ఇక్కడ ఎవరూ అడగరు...