పుర్రె గుర్తు టోపీ, మా బావగారు

మా బావగారు పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. కాన్‌బెర్రాలో ఒక ప్రభుత్వ శాఖకు కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. కాఫీ కప్పు పట్టుకుని సీటు దగ్గరికి వస్తుంటే అక్క ఫోన్ చేసింది. "బావ లేరురా" అంది, అంతే. సిడ్నీలో, పారమట్టా స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా గుండె ఆగి కూలిపోయారు. ఇస్త్రీ చొక్కా, టై వేసుకుని ఇంకో ఇంటర్వ్యూకి బయల్దేరారట. ఊరి శివారు గంగాలిన్‌లోని నా ఇంటికి వెళ్ళి బట్టలు సర్దుకుని సిడ్నీకి కారు తీశాను. దారి పొడుగునా ఆ టై గురించే ఆలోచించాను.

సంతాప సభలో తెలుగువాళ్ళంతా ఆయన మంచితనం చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, ఇల్లు దొరికేదాకా తమ ఇంట్లో ఉంచుకోవడం, అన్నీ నిజమే. టోపీల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది ఎత్తకుండా ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకావడం లేదు.

బావగారిది ఏలూరు. నాకంటే చాలా ముందే ఈ దేశం వచ్చి కోబాల్ ప్రోగ్రామర్‌గా పని చేశారు. నడివయసు దాటి, ఇక తన పనికి కాలం చెల్లిందనుకుంటున్న రోజుల్లో వై2కె, అంటే ఏడాదిని రెండంకెల్లో రాసిన ప్రోగ్రాములన్నీ 2000 రాగానే దారి తప్పుతాయన్న భయం, వచ్చి పడింది. పాత ప్రోగ్రాములు చదవగలిగినవాళ్ళ కోసం కంపెనీలు వెతుక్కుంటూ వచ్చాయి. నన్ను పిలిపించి ఆ పనిలో పెట్టింది కూడా ఆయనే. "ఎవడో అప్పట్లో రెండంకెలు మిగుల్చుకుందామని చూశాడురా. చూడు, ఇప్పుడు మనకి అన్నం పెడుతున్నాడు" అని నవ్వేవారు.

ఆ రోజుల్లోనే పారమట్టాలో ఒక పాత వస్తువుల సంతలో బావగారు జర్మన్ ఆశ్విక దళ అధికారి టోపీ ఒకటి చూశారు. నెత్తిమీద చదరపు పలక నిలబెట్టినట్టుండే టోపీ. బల్లెం పట్టిన రౌతుల దళానిదట. అమ్మేవాడు దాన్ని తిరగేసి చూపించాడు. లోపలి పట్టు అస్తరు మీద చెమట మరక. బావగారు అక్కడే దాని మీద మనసు పారేసుకున్నారు.

"పైన బంగారు పూత, గద్ద బొమ్మ, అదంతా షో. లోపల చూడు. ఎండలో గుర్రం మీద కూర్చుని చెమట కక్కిన కుర్రాడు వాడు" అన్నారు నాతో. ఆ తర్వాత ఏ టోపీ తెచ్చినా ముందు లోపలే చూసేవారు. వెనక మెడదాకా రేకు దిగిన ఇనుప శిరస్త్రాణం ఒకటి, వెండి తీగ పనిచేసినవి కొన్ని, గరాజ్‌లో అద్దాల అలమరాలో చేరాయి. ఒక్కటీ నెత్తిన పెట్టుకునేవారు కాదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టేసేవారు.

"వచ్చినవాళ్ళకి అందరూ ఇల్లు చూపిస్తారు. మీరు గరాజ్ చూపిస్తారు" అని అక్క విసుక్కునేది. మేనకోడలు "డాడ్, దే ఆర్ జస్ట్ హ్యాట్స్" అనేది. ఆయన వినిపించుకునేవారు కాదు.

చివరగా వచ్చింది హుస్సార్ అనే గుర్రపు దళ అధికారి బొచ్చు టోపీ. చాలా అరుదైనది. ముందువైపు వెండి పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని చూపించడానికే మమ్మల్ని బార్బెక్యూకి పిలిచారు. గరాజ్ తలుపు పూర్తిగా పైకి ఎత్తి ఉంది. టోపీని బల్ల మీద పెట్టి తుడుస్తున్నారు. అప్పుడు ఎదురింటి పెద్దావిడ తమ చెట్టు నిమ్మకాయలు గిన్నెలో వేసుకుని వచ్చింది. యుద్ధం తర్వాత యూరప్ నుంచి వచ్చి ఒంటరిగా ఉంటున్న యూదు మనిషి. ఆవిడ టోపీని చూసింది. గిన్నె అక్కడే సిమెంటు నేల మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

బావగారు రోడ్డు దాకా వెంట వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

"ఇది నాజీలది కాదండీ. వాళ్ళకంటే చాలా ముందుది. హుస్సార్ల పాత గుర్తు" అన్నారు ఇంగ్లీషులో.

ఆవిడ ఆగింది. "నాకు తెలుసు. ఆ హుస్సార్లు ఉండింది మా ఊళ్ళోనే. మా నాన్న చిన్నప్పుడు ఆ గుర్రాల వెంట పరిగెత్తేవాడు. అందుకే, తర్వాత వేరేవాళ్ళు అదే పుర్రె టోపీకి పెట్టుకుని మా వీధిలోకి వచ్చినప్పుడు కూడా, ఇది పాత గుర్తే, భయపడకండి అని మాకు చెప్పాడు" అంది. "మా ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే."

ఆ మధ్యాహ్నం మా బావగారు ఏమీ తినలేదు.

తర్వాత 2000 జనవరి వచ్చింది. కంప్యూటర్లు ఏవీ ఆగలేదు. ఆగింది మా పనే. నాకు కాన్‌బెర్రాలో కాంట్రాక్టు దొరికింది. బావగారికి కొన్నాళ్ళు చిన్నా చితకా పనులు తగిలాయి, తర్వాత అవీ లేవు. ఒక్కొక్క టోపీ అమ్మడం మొదలుపెట్టారు. పుర్రె టోపీ కోసం ఒకతను వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. మర్యాదగానే మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, కారు అద్దంలో చూసుకుని నవ్వుకున్నాడు. బావగారు చెయ్యి చాపి దాన్ని వెనక్కి తీసుకున్నారు.

"సారీ. అమ్మడం లేదు" అన్నారు.

అతను వెళ్ళాక అక్క నిలదీసింది. "ఇల్లు ఎలా గడుస్తోందో మీకు తెలుసుగా? ఎందుకు పంపేశారు?"

"వాడు నవ్విన నవ్వు చూశావా? వాడి చేతికి ఎలా ఇవ్వమంటావు?"

"మరి మీ దగ్గర ఎందుకు?"

బావగారు టోపీని తిరిగి అలమరాలో పెట్టేశారు. తీసుకుంటారా అని ఒక మ్యూజియంని అడిగితే తమ దగ్గర ఉన్నవి చాలన్నారు. పుర్రె ఊడదీసి పారేద్దామనుకున్నారు, చెయ్యి రాలేదు. "దీన్ని ఎవడో కళ్ళు పోగొట్టుకుని కుట్టి ఉంటాడురా. ఆవిడకి జరిగింది కుట్టినవాడికి తెలీదు. పెట్టుకున్నవాడికీ తెలీదు. నాకు తెలిసింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని నన్నడిగారు. అమ్మలేక, పారేయలేక, చూసి సంతోషించనూ లేక దాన్ని అలాగే ఉంచుకున్నారు.

పెద్దావిడతో మాటలు పోలేదు. వారం వారం ఆవిడ చెత్త బిన్ను రోడ్డు మీదకి లాగిపెట్టింది ఈయనే. నిమ్మకాయలు మళ్ళీ వచ్చాయి, కానీ ఆవిడ వాటిని లెటర్‌బాక్స్ మీద పెట్టి వెళ్ళిపోయేది.

అంత్యక్రియల మర్నాడు ఆవిడ రోడ్డు దాటి అక్కవాళ్ళ ఇంట్లోకి వచ్చింది. అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అక్కే అడిగింది. "ఆ టోపీ ఉంది ఇంకా. ఏం చెయ్యమంటారు ఆంటీ?"

"తెలీదమ్మా. అతను కూడా నన్ను అదే అడిగాడు" అందావిడ. కిటికీలోంచి ఎదురుగా తన ఇంటి వైపు చూస్తూ మళ్ళీ చెప్పింది. "ఆ రోజు తర్వాత ఆ గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తలేదు. నా కంట పడకూడదని. గాలికోసం కింద జానెడు సందు వదిలేవాడు. ఎండాకాలమంతా, మనం ఇళ్ళల్లో ఉడికిపోయే మధ్యాహ్నాల్లో, మా వంటింట్లోంచి ఆ సందులో అతని పాదాలు కనిపించేవి. చెప్పులు లేకుండా, బల్ల ముందు కదలకుండా. వెళ్ళి తలుపు ఎత్తుకోమని చెబుదామనుకునేదాన్ని. రోడ్డు దాకా వచ్చేదాన్ని. ఆ పాదాలు చూస్తూ నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేదాన్ని."